జతపరచినవి: ఒకటి

కోరుపల్లి పురపాలక సంఘంలో ఉత్తరాలు చదవరని ఊళ్లో ఒక అపవాదు ఉంది. అది శుద్ధ అబద్ధం. చదువుతారు. ‘విషయం’ అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి, ఆ చుక్కల తర్వాత ఉండే ఒకటిన్నర లైను ఎంతో శ్రద్ధగా చదువుతారు. దాని కింద ఉండేదంతా రాసినవాళ్ల సరదా కోసం.

ఆ చదివే ఉద్యోగం గెడ్డం మాణిక్యాలరావుది. ఇన్‌వర్డు సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. అతని బల్లమీద ఆరు రబ్బరు స్టాంపులు వరసగా నిలబడి ఉంటాయి. విషయంలో ‘నీరు’ అన్న మాట కనిపిస్తే వాటర్ వర్క్స్ స్టాంపు, ‘చెత్త’ అని ఉంటే శానిటేషన్, ‘పన్ను’ అని ఉంటే రెవెన్యూ, ‘కాలనీ’ అని ఉంటే టౌన్ ప్లానింగ్. ఒకసారి మున్సిపల్ స్కూలు మాస్టారొకాయన పుచ్చు పన్ను పీకించుకోవాలి, ఒకరోజు సెలవిప్పించమని రాస్తే మాణిక్యాలరావు దాన్ని రెవెన్యూకి పంపాడు. రెవెన్యూ వాళ్లు, సదరు పన్ను ఇంటిదా, వృత్తిదా, ఖాళీ స్థలానిదా తెలుపవలసిందిగా మాస్టారికి తిరుగు ఉత్తరం రాశారు. ఈలోగా పన్ను దానంతటదే ఊడిపోయింది. ఫైలు మూశారు.

ఆ ఆఫీసులో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఉత్తరం ఒక పేజీ దాటితే, దాటిన పేజీని ఉత్తరంగా పరిగణించరు. దాన్ని ‘జతపరచినవి’ అంటారు. జతపరచినవి చదవడానికి కావు, లెక్కపెట్టడానికి. రిజిస్టరులో ఆఖరి గడిలో ‘జతపరచినవి: ఒకటి’ అనో, ‘రెండు’ అనో రాసి పొట్టి సంతకం చేసేస్తే వాటితో సంబంధం తెగిపోతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మాణిక్యాలరావుకి ముందటి గుమాస్తా నేర్పాడు, అతనికి అంతకు ముందటి గుమాస్తా నేర్పాడు. ఇలాంటివి ఎవరో ఒకరు పెట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తీసేసేవారు. ఎవరూ పెట్టలేదు కాబట్టే నిలబడిపోయింది.

ఇలా ఉండగా కమిషనరు ఉమామహేశ్వరం గారికి పేగుల మీద ప్రేమ పుట్టింది.

ఆయన రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్లి, మనిషి పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయని, తిన్నది అరగడం దగ్గర్నుంచి ఒంట్లో రోగనిరోధక శక్తి దాకా వాటి చేతిలో ఉందని, పెద్దపేగు క్యాన్సరుకీ వాటికీ ఉన్న చుట్టరికం మీద ప్రపంచమంతా పరిశోధనలు జరుగుతున్నాయని విని వచ్చారు. వచ్చిన మర్నాడే ‘పేగు ఆరోగ్య పక్షోత్సవాలు’ ప్రకటించారు. ఆఫీసు గుమ్మానికి కట్టిన బ్యానరు మీద పెద్దపేగు బొమ్మ వేశారు. ఆర్టిస్టు ఎప్పుడూ పెద్దపేగు చూడలేదు కాబట్టి, దానికి జంతిక బొమ్మ వేసి గులాబీ రంగు పూశాడు. జనం అది స్వీటు షాపు ప్రకటన అనుకుని లోపలికి వచ్చి వెళ్తుండేవారు.

పక్షోత్సవాల్లో భాగంగా వైద్య కళాశాల నుంచి డాక్టర్ తహసీన్ అనే పరిశోధకురాలు వచ్చి, నూట అరవైమంది ఉద్యోగులకీ తలొక చిన్న డబ్బా ఇచ్చి, మర్నాటి ఉదయం నమూనా తెమ్మంది. కమిషనరు గారు ఆవిడకి రెండు షరతులు పెట్టారు. ఒకటి, రిపోర్టులు అచ్చ తెలుగులో ఉండాలి. రెండు, అవి ఉద్యోగికి నేరుగా ఇవ్వకూడదు.

“విధి నిర్వహణలో ఉన్నంతకాలం ఉద్యోగి శరీరం కార్యాలయానికి సంబంధించిన అంశం డాక్టరు గారూ. దాని గురించి ఏ సమాచారమైనా సక్రమ మార్గం గుండా, అంటే నా ద్వారా రావాలి,” అన్నారు.

“పేషెంట్ల వివరాలు అలా బయటపెట్టకూడదండీ,” అంది డాక్టరు తహసీన్.

చివరికి రాజీ కుదిరింది. ఉత్తరం మొదటి పేజీలో నంబరు మాత్రమే ఉంటుంది. పేరు, సలహా రెండో పేజీలో ఉంటాయి. పాపం ఆవిడకి ఆ ఆఫీసులో రెండో పేజీ గతి ఏమిటో తెలియదు.

మాణిక్యాలరావు నంబరు నూట పద్నాలుగు. డబ్బాతో పాటు ఇచ్చిన నంబరు చీటీ టిఫిన్ క్యారేజీ సంచి పక్క జేబులో పడేసి, ఆ అంకె మర్చిపోయాడు. నిజానికి అతను నమూనా ఇచ్చేవాడు కాడు. వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి అప్పుడప్పుడు దొడ్లోకి వెళ్లినప్పుడు రక్తం పడుతోంది. అతను దానికి ‘వేడి’ అని పేరు పెట్టి బార్లీ నీళ్లు, మజ్జిగ, సబ్జా గింజలు తాగుతూ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు. భార్య సుగుణమణి కనిపెట్టింది. నమూనా ఇస్తారా, ఊళ్లో అందరికీ చెప్పమంటారా అని బెదిరిస్తే ఇచ్చాడు. ఇచ్చాక అతనికీ లోపల భయం పట్టుకుంది. రిపోర్టు కోసం రోజూ ఎదురు చూస్తున్నాడు.

మిగతావాటికంటే ముందుగా ఒక్క రిపోర్టు పన్నెండో రోజున వచ్చింది. కవరు చించి, మాణిక్యాలరావు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

‘విషయం: కోరుపల్లి పురపాలక సంఘ పరిధిలో, 114 నందు కనుగొనబడిన కాలనీల గురించి.’

కాలనీ. టౌన్ ప్లానింగ్. స్టాంపు ఎత్తాడు, కొట్టాడు. రిజిస్టరులోనూ, స్టాంపు పక్కనా ‘జతపరచినవి: ఒకటి’ అని రాసి, పొట్టి సంతకం చేసి, కట్టలో పెట్టాడు.

ఆ సాయంత్రం సుగుణమణి గుమ్మంలోనే అడిగింది. “ఏవండీ, ఆ రిపోర్టు వచ్చిందా?”

“రాలేదే.”

“ఊళ్లో ఉత్తరాలన్నీ మీ చేతిమీదుగానే కదండీ వెళ్తాయి. మీదొక్కటీ ఎక్కడ తగలడిందీ?”

“వస్తే నాకు తెలీదా?” అన్నాడు మాణిక్యాలరావు కాస్త కోపంగా.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు త్రిమూర్తులు గారికి ఉత్తరంలో విషయం కిందిది కూడా చదివే దురలవాటు ఉంది, అయితే మొదటి పేజీ వరకే. అందులో ఇలా ఉంది: ‘సదరు 114 నందు మొత్తం మూడు వందల పన్నెండు కాలనీలు ఉన్నవి. అత్యధికం ఎన్నో ఏళ్లుగా స్థిరపడి యజమానికి మేలు చేయుచున్నవి. కొన్ని మాత్రం ఇటీవల కొత్తగా వెలసి, పాతవాటిని తొక్కివేయుచూ, గోడను ఆనుకుని శీఘ్రముగా పెరుగుచున్నవి. ఇది ఆందోళన కలిగించు విషయము.’

త్రిమూర్తులు గారు లెక్క చూసుకున్నారు. ఊళ్లో రికార్డు ప్రకారం ఉన్న కాలనీలు నలభై ఒకటి. మూడు వందల పన్నెండు కాలనీలు తన కళ్లు కప్పి ఎప్పుడు లేచాయి? పైగా గోడను ఆనుకుని? చుట్టూ వదలాల్సిన ఖాళీ వదలకుండా? పరుగున ఇన్‌వర్డు సెక్షనుకి వచ్చారు.

“మాణిక్యాలరావు గారూ, ఈ కాయితం నాకే అని మీకు గట్టిగా తెలుసా?”

“ఆయ్, కాలనీ అని ఉందండి. కాలనీ ఇంకెవరికి పంపుతానండి?”

ఆ మాటతో త్రిమూర్తులు గారికి ఉన్న కాస్త ఆశా పోయింది. నాలుగు రోజులు ఇద్దరు సర్వేయర్లతో టేపులు పట్టుకుని ఊరి పొలిమేరలన్నీ తిరిగారు. సర్వే నంబరు నూట పద్నాలుగు కాలవ అవతల దొరికింది. అందులో తాటాకు పాక ఒకటి, దాని చుట్టూ బాతులు. బాతుల యజమాని చుట్ట తీసి చేతులు కట్టుకున్నాడు.

“కాలనీలేటండి బాబూ! ఆరొందల బాతులున్నాయండి. గుడ్లు పెడతాయి తప్ప గోడలు కట్టవండి.”

త్రిమూర్తులు గారు తనిఖీ నివేదికలో ‘కాలనీవాసులు అధికారుల రాకను పసిగట్టి పరారైనట్లు తెలియవచ్చుచున్నది. ఆచూకీ నిమిత్తం బాతులను విచారించడం సాధ్యపడలేదు’ అని రాసి కమిషనరు గారి ముందు పెట్టారు. కమిషనరు గారు ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, సదరు కాలనీల ఉనికి తెలుపమని వైద్య కళాశాలకి రాశారు.

జవాబు మూడో రోజునే వచ్చింది. విషయంలో ‘కాలనీలు’ అని ఉంది కాబట్టి మాణిక్యాలరావు మళ్లీ అదే స్టాంపు కొట్టాడు. ‘అవి సూక్ష్మజీవుల కాలనీలు, మీ ఉద్యోగి ఒకరి పెద్దపేగులో ఉన్నాయి. దయచేసి మా మొదటి ఉత్తరం రెండో పేజీ వెంటనే చూడండి. చాలా అత్యవసరం,’ అని డాక్టరు తహసీన్ రాసింది.

త్రిమూర్తులు గారు ఫైలు తిప్పి రెండో పేజీ చూశారు. అక్కడే ఉంది, ట్యాగుకి భద్రంగా కట్టి ఉంది. ‘రెండవ పేజీ చూడడమైనది’ అని మార్జిన్లో రాసి తేదీ వేశారు. చూడమన్నారు, చూశారు. చదవమని ఎవరూ రాయలేదు.

ఆ జవాబు మీద కమిషనరు గారు సమావేశం పిలిచారు. ఏ ఆఫీసులోనైనా ఇక్కడితో ఒక నవ్వు నవ్వేసి ఉత్తరం సరైన చోటికి పంపేసేవారు. కాని కోరుపల్లిలో అప్పటికే ఫైలుకి నంబరు పడిపోయింది.

“నంబరు పడ్డ ఫైలుని పొరపాటు అని రాసి మూసే వీలు లేదండి. చర్య తీసుకుని మూయాలి. లేకపోతే ఆడిట్లో అడుగుతారు,” అన్నారు త్రిమూర్తులు గారు.

“మరి అది పేగు కదయ్యా?” అన్నారు కమిషనరు గారు.

“పేగు ఎక్కడుందండి? ఉద్యోగిలో. ఉద్యోగి ఎక్కడున్నాడండి? మన పరిధిలో. చట్టంలో పరిధి అన్నారు గాని, పరిధికి లోతెంతో రాయలేదండి.”

కమిషనరు గారి మొహం వెలిగిపోయింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, సమావేశం మినిట్సులో పడేలా మెల్లగా చెప్పారు. “ఈ అంశాన్ని మనం సమగ్ర దృక్పథంతో, కాలపరిమితితో కూడిన కార్యాచరణగా స్వీకరించాలి. పౌరుడి ఇంటి గుమ్మం దాకా వెళ్లిన పాలన చూశాం. పౌరుడి లోపలికి వెళ్లిన పాలన దేశంలో ఇంతవరకూ లేదు. కోరుపల్లి వెళ్తుంది.”

వెళ్లడం మొదలుపెట్టింది. ‘ఉదరాంతర్గత కాలనీల క్రమబద్ధీకరణ విభాగం’ ఏర్పడింది. లేఅవుట్ నిబంధనలు తయారయ్యాయి. ప్రతి కాలనీకి ముప్పై అడుగుల రోడ్డు వదలాలి. పదోవంతు పార్కుకి వదలాలి. ప్రవేశ మార్గం, నిర్గమన మార్గం వేర్వేరుగా ఉండాలన్న నిబంధన ఒక్కటే ఏ సవరణా లేకుండా సరిపోయింది. కౌన్సిలర్లు ఊరుకోలేదు. కొత్త కాలనీలకి పేర్లు పెట్టాలన్నారు. మూడు వందల పన్నెండు పేర్లకి నాయకులు చాలక, ఉన్న కౌన్సిలర్ల తాతల పేర్లు కూడా రాశారు. అపెండిక్సు పక్క సందుకి ఎవరి తాత పేరు పెట్టాలన్న దగ్గర ఇద్దరు కౌన్సిలర్లు కలబడి చొక్కాలు చింపుకున్నారు. ఆ సందు వల్ల ఊరికి ఏం ఉపయోగమో ఎవరికీ తెలియకపోయినా, కార్నరు బిట్టు అని ఇద్దరికీ గట్టి నమ్మకం.

నిబంధనల ప్రకారం అక్రమ కాలనీకి నోటీసు స్థలంలోనే అతికించాలి. స్థలం ఫలానా అని తేలలేదు. అందుకని నమూనాలిచ్చిన నూట అరవైమందినీ మీటింగు హాల్లో వరసగా నిలబెట్టి, మైదా జిగురుతో ప్రతివాళ్ల పొట్టమీదా, బొడ్డుకి రెండంగుళాల పైన, ఒక్కో నోటీసు అంటించారు. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ స్థలము లోపల ఎట్టి కొత్త నిర్మాణములు చేపట్టరాదు.’ నోటీసు మూడు రోజులు తీయకూడదు. బిల్లు కలెక్టర్లు ఆ పొట్టలతోనే ఊళ్లో తిరిగారు. ఆఫీసు ఊడ్చే రత్నమాల చీరమీద అతికిస్తే ఒప్పుకోనని గోల చేసి, వీపు మీద వేయించుకుంది. దాంతో ఆమె వీపు కూడా పురపాలక పరిధిలోకి వచ్చింది.

మాణిక్యాలరావు పొట్టమీద నోటీసు కాస్త వంకరగా పడింది. త్రిమూర్తులు గారు దాన్ని అరచేత్తో సరిచేసి, “మీది కాదులెండి, లాంఛనం,” అన్నారు.

“ఆయ్, నాదెందుకవుతుందండి,” అని నవ్వాడు మాణిక్యాలరావు.

మూడు రోజులైనా నూట పద్నాలుగు యజమాని ముందుకి రాలేదు. దాంతో సర్క్యులరు వచ్చింది. ఉద్యోగులందరూ తమ తమ నమూనా చీటీలు సోమవారం లోగా దాఖలు చేయాలి. 114 కలిగియున్న ఉద్యోగిని ఆక్రమణదారుగా పరిగణించి, శాఖాపరమైన చర్యలు ఏల తీసుకొనరాదో సంజాయిషీ కోరబడును.

ఆ మధ్యాహ్నం భోజనం బల్లమీద క్యారేజీ విప్పుతూ మాణిక్యాలరావు సంచి జేబులో చెయ్యి పెట్టాడు. చీటీ మడత విప్పి చూశాడు. ఒకటి, ఒకటి, నాలుగు.

ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క మెమో లేదు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇప్పుడు ఆక్రమణదారు! అదీ ఎక్కడ? తన పొట్టలో తాను! మెమో భయం ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆ నంబరుతో వచ్చిన ఉత్తరమే తన రిపోర్టు అన్న సంగతి అతని బుర్రకి తట్టనేలేదు. క్యారేజీ మూసేశాడు. చీటీని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబు అడుక్కి తోసేశాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ రక్తం పడింది. ఈసారి ముందటికంటే ఎక్కువ. అతను గోడ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. చచ్చిపోతానేమోనని భయం వేసింది. మెమో వస్తుందేమోనని కూడా భయం వేసింది. రెండిట్లో ఏది పెద్దదంటే ఆ క్షణంలో అతను చెప్పలేకపోయేవాడు.

సుగుణమణి సంచి ఉతకడానికి జేబులు తిరగేసింది. శనివారం ఉదయం. చీటీ పట్టుకుని పెరట్లోంచి వచ్చింది.

“ఇదేంటండీ? నూట పద్నాలుగంటే మీరేనా? ఊరంతా కాలనీలు కాలనీలని పడీపడీ నవ్వుతుంది మీ పొట్ట గురించేనా?”

“నెమ్మదిగా మాట్లాడవే. పక్కింటోళ్లు వింటారు.”

“మరి నూట పద్నాలుగు గురించి ఉత్తరం వచ్చి నెల కావస్తందని రత్నమాల చెప్పిందే! రిపోర్టు రాలేదన్నారు నాతోటి!”

మొట్టమొదటిసారి మాణిక్యాలరావుకి ఆ రెండు సంగతులూ ఒకటేనని తోచింది.

“రిపోర్టంటే... నాకు ‘రిపోర్టు’ అని వస్తదనుకున్నానే. కాలనీ అని రాస్తే నేనేం చెయ్యను?”

“ఆ కాయితంలో ఏం రాశారు?”

“తెలీదు.”

“తెలీకుండా స్టాంపు కొట్టేశారా?”

సుగుణమణి చీర మార్చుకుంది. నడవండి అంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదలు. పేగుల బ్యానరు కింద ఒక్క క్షణం ఆగి, జంతిక వంక అసహ్యంగా చూసి, నేరుగా టౌన్ ప్లానింగ్ గదిలోకి వెళ్లి చీటీ బల్లమీద పెట్టింది.

“నూట పద్నాలుగు ఈయనే. ఆ ఫైలు ఇలా ఇవ్వండి.”

త్రిమూర్తులు గారు లేచి నిలబడి మళ్లీ కూర్చున్నారు. “మాణిక్యాలరావు గారూ, మీరా! ఎంత పని చేశారండీ! అమ్మా, ఫైలు చూడాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి. ముప్పై రోజుల్లో...”

“నా మొగుడి పేగులో ఏవుందో చూడ్డానికి నేను దరఖాస్తు పెట్టుకోవాలా?”

గోల విని కమిషనరు గారు కూడా వచ్చారు. సుగుణమణి అప్పటికే ఫైలు లాక్కుంది. మొదటి పేజీ చదివింది. వేలు తడి చేసుకుని తిప్పబోయింది.

“అమ్మా, అది జతపరచినది!” అన్నారు త్రిమూర్తులు గారు కంగారుగా.

“అయితే?”

ఆ ప్రశ్న ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ వెయ్యలేదు. సుగుణమణి పేజీ తిప్పి, గది బయట వసారాలోకి కూడా వినపడేలా చదివింది.

“‘పేరు: గెడ్డం మాణిక్యాలరావు. అయ్యా, మీ నమూనాలో కంటికి కనపడని రక్తం కూడా ఉంది. కొన్ని రకాల సూక్ష్మజీవులు మితిమీరి ఉన్నాయి. దీన్ని బట్టి జబ్బు ఉందని చెప్పలేము, లేదనీ చెప్పలేము. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా వచ్చి పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష, కొలనోస్కోపీ, చేయించుకోండి. భయపడకండి. ముందుగా కనిపెడితే నయం చేయగలిగినవే ఎక్కువ. నా ఫోను నంబరు కింద ఇస్తున్నాను. ఏ సమయంలోనైనా చేయండి.’”

తేదీ చూసింది. ఇరవై ఆరు రోజుల కిందటిది. మొదటి పేజీ మూలన స్టాంపు, దాని పక్కన ‘జతపరచినవి: ఒకటి’, దాని కింద పొట్టి సంతకం. ఆ సంతకం ఎవరిదో ఆవిడకి చెప్పక్కర్లేదు. మాణిక్యాలరావు తన చేతిరాత వంక చూశాడు. ‘ఒకటి’లో ‘ఒ’ ఎంత గుండ్రంగా, ఎంత ముచ్చటగా రాశాడో. అతనికి ఏడుపొచ్చింది.

కమిషనరు గారు తన సొంత కారు తీయించారు. ఇది చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

పరీక్షకి ముందురోజు పేగు ఖాళీ కావడానికి మూడు లీటర్ల మందునీళ్లు తాగించారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మూడు వందల పన్నెండు కాలనీల్లోనూ సామూహిక తరలింపు జరిగింది. మర్నాడు మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. సుగుణమణి బయట బెంచీ మీద కొంగు పిడికిట్లో బిగించి కూర్చుంది. ఆవిడ పక్కన త్రిమూర్తులు గారు. ఫైలు ప్రకారం అది క్షేత్ర పరిశీలన కాబట్టి ఆయన రాక తప్పలేదు. టేపు కూడా తెచ్చారు.

డాక్టరు తహసీన్ బయటికి వచ్చి సుగుణమణి పక్కనే కూర్చుంది. “గోడమీద రెండు చిన్న కండ పిలకలున్నాయమ్మా. రెండూ తీసేశాం. ముక్క పరీక్షకి పంపాం. చూడ్డానికి క్యాన్సరులా లేవు. కాని వదిలేస్తే కొన్నేళ్లకి అలా మారే రకం కావచ్చు.”

“ఆ పురుగుల వల్లేనా అమ్మా?”

“వాటివల్ల ఇది వచ్చిందో, ఇది ఉండబట్టి అవి చేరాయో మాకింకా తెలీదమ్మా. అందుకే పరిశోధన చేస్తున్నాం.”

త్రిమూర్తులు గారు నిర్ఘాంతపోయారు. “తెలీదని పైకే చెప్పేస్తున్నారా? మరి మీ ఫైళ్లు ఎలా నడుస్తాయండీ?”

వారానికి ముక్క రిపోర్టు వచ్చింది. క్యాన్సరు కాదు. అటు తిరగబోతున్న పిలకలే, ఇంకా తిరగలేదు. మూడేళ్లకోసారి చూపించుకుంటే చాలు. ఈ రిపోర్టు డాక్టరు తహసీన్ ఏ మార్గం గుండానూ పంపకుండా తనే తెచ్చి సుగుణమణి చేతిలో పెట్టింది. సుగుణమణి ఆవిడని వాటేసుకుని, బెల్లం గవ్వలు డబ్బాడు ఇచ్చి పంపింది. మాణిక్యాలరావు ఆ రాత ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, అచ్చేసిన ప్రెస్సు పేరుతో సహా చదివాడు.

ఆఫీసులో ఫైలు కూడా సుఖాంతమైంది. ‘114 నందు గోడను ఆనుకుని వెలసిన రెండు అనధికార నిర్మాణములు, యజమాని సమక్షమున, యజమాని మత్తులో ఉండగా, ఎట్టి ప్రతిఘటన లేకుండా తొలగించబడినవి. చర్య ముగిసినది.’ కోరుపల్లి చరిత్రలో కోర్టు స్టే రాకుండా కూల్చిన నిర్మాణాలు అవే మొదలు. కమిషనరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

మాణిక్యాలరావు డ్యూటీలో చేరాడు. చేరాడు గాని పాత మనిషి కాడు. ప్రతి ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదవడం మొదలుపెట్టాడు. జతపరచినవి ఇంకా శ్రద్ధగా చదివేవాడు. కుళాయిలో నీరు పసుపు పచ్చగా వస్తోందని రాసిన ఒకావిడ, రెండో పేజీలో తన పిల్లలిద్దరికీ కామెర్లని రాసింది. అతను ఆ ఉత్తరం వాటర్ వర్క్స్ వాళ్లకి స్వయంగా పట్టుకెళ్లి, వాళ్లు పైపు తవ్వేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇలా చేస్తే రోజుకి తొమ్మిది ఉత్తరాలకంటే నడవవు. మిగతావి కట్టలు కట్టలుగా పేరుకుని కిటికీని మూసేశాయి. ఆఫీసు స్తంభించింది.

కనక మెమో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటి మెమో. ‘విధి నిర్వహణలో తమరు అవసరమునకు మించి చదువుచున్నట్లు, తద్వారా కార్యాలయ పనులకు తీవ్ర అంతరాయము కలుగుచున్నట్లు గమనించడమైనది. దీనిపై మూడు రోజులలోగా సంజాయిషీ దాఖలు చేయవలెను.’ కింద కమిషనరు గారి సంతకం, ముద్ర.

ఒకప్పుడైతే అప్పటికప్పుడే సంజాయిషీ రాయడానికి కూర్చునేవాడు. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని, మెమోకి వెనక ఇంకో కాయితం ఉండటం చూసి, అలవాటు ప్రకారం తిప్పాడు. అది టైపు చేసింది కాదు. చేత్తో రాసింది.

‘మాణిక్యాలరావు గారూ, ఈ ఆఫీసులో రెండో పేజీ చదివేది మీరొక్కరే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకూ ఆరు నెలల నుంచి కొంచెం రక్తం పడుతోంది. వేడి అనుకుని నమూనా కూడా ఇవ్వలేదు. ఆ డాక్టరమ్మ నంబరు ఇస్తారా? ఎవరికీ చెప్పకండి. భయంగా ఉంది.’

మాణిక్యాలరావు ఆ కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రిజిస్టరులో ఎక్కించలేదు. ఆఖరి గడి ఖాళీగా వదిలేశాడు. ఏ స్టాంపూ ముట్టుకోకుండా లేచి, సక్రమ మార్గంలో ఉన్న నాలుగు బల్లలూ దాటుకుని, కమిషనరు గారి గది తలుపు తోసి లోపలికి వెళ్లాడు.

“లేవండి సార్,” అన్నాడు. “కారు తీయించండి. నేనూ వస్తాను.”